అనంతపురం ఎండలో న్యూస్ షూట్ చేయాలంటే ఏ వీడియో కెమెరా కొనాలి?

"అన్నా, ఫోన్‌లోనే 4కే వస్తోంది కదా, న్యూస్‌కి మళ్లీ వేరే కెమెరా ఎందుకు?" జర్నలిజంలోకి రావాలనుకునే కుర్రాళ్లు దాదాపు అందరూ అడిగే ప్రశ్న ఇది. న్యాయమైన ప్రశ్నే. జవాబు కావాలంటే మే నెలలో మధ్యాహ్నం రెండు గంటలకు కళ్యాణదుర్గం రోడ్డు మీద ఓ పావుగంట నిలబడి షూట్ చేసి చూడండి. ఐఫోన్‌ని 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని ఆపిల్ చెప్తుంది. మన దగ్గర వేసవిలో 40 దాటడం మామూలే. ముందు స్క్రీన్ డిమ్ అవుతుంది, కాసేపటికి "టెంపరేచర్" వార్నింగ్ వస్తుంది, తర్వాత రికార్డింగ్ ఆగిపోతుంది. అది రైతు మాట్లాడుతున్నప్పుడు జరిగితే మీ స్టోరీ అక్కడితో అయిపోయినట్టే.

అలాగని ప్రొఫెషనల్ క్యామ్‌కార్డర్ ఎండకి అతీతం కాదు. వాటి మాన్యువల్‌లో కూడా సాధారణంగా 0 నుంచి 40 డిగ్రీలు అనే ఉంటుంది. కాకపోతే బాడీ పెద్దది, గాలి ఆడే దారి ఉంటుంది, గంటల తరబడి రికార్డింగ్ చేయడానికే తయారైంది. ఫోన్‌కి అదొక అదనపు పని, దీనికి ఉన్నది అదొక్క పనే.

ఇంకో విషయం. హైదరాబాద్ హెడ్ ఆఫీస్‌లో కెమెరామన్‌కి కెమెరా కంపెనీ ఇస్తుంది. మండలంలో, నియోజకవర్గంలో పనిచేసే స్ట్రింగర్ చాలాసార్లు సొంత డబ్బుతో, లేదంటే అప్పు చేసి కొనుక్కుంటాడు. చేతికొచ్చేది స్టోరీ లెక్కన. కాబట్టి తప్పు కెమెరా కొంటే ఫోన్‌లా ఆరు నెలలకు ఎక్స్ఛేంజ్‌లో వేయడం కుదరదు. అందుకే ఈ ఆర్టికల్ కొంచెం పొడవుగా ఉంటుంది, ఓపిక పట్టండి.

ఒకప్పుడు అందరి చేతిలో ఉన్న కెమెరా

సోనీ 1982లో బీటాక్యామ్ తెచ్చింది. కెమెరా, రికార్డర్ రెండూ ఒకే బాడీలో, భుజం మీద పెట్టుకునేలా. టీవీ న్యూస్ రూపాన్ని మార్చేసిన మెషీన్ అది, కానీ ధర మామూలు మనిషికి అందనిది. మన దగ్గర 1995లో ఈటీవీ వచ్చింది, 2004లో టీవీ9 వచ్చింది, ఆ తర్వాత వరసగా 24 గంటల న్యూస్ ఛానళ్లు. ప్రతి ఊళ్లో కెమెరా కావాల్సి వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లో దొరికిందే సోనీ పీడీ150, దాని తర్వాత 2003లో వచ్చిన పీడీ170. చేత్తో పట్టుకునే సైజు, మూడు సీసీడీలు, 12 రెట్ల జూమ్, రెండు ఎక్స్‌ఎల్‌ఆర్ మైక్ ఇన్‌పుట్లు, చీకట్లో కూడా పనికొచ్చే సెన్సార్, డీవీక్యామ్ టేప్. షూట్ చేసిన క్యాసెట్‌ని బస్సులో పంపే రోజులవి. పిక్చర్ స్టాండర్డ్ డెఫినిషనే, ఈ రోజు ఫోన్ ముందు నిలబడదు. కానీ ఆ కెమెరాలో ఉన్న కొన్ని విషయాలు ఈ రోజుకీ ఫోన్లలో లేవు. మనం వెతకాల్సింది వాటినే.

ఎన్‌డీ ఫిల్టర్: ఇక్కడి ఎండకి అసలైన మందు

యూట్యూబ్ రివ్యూల్లో దీని గురించి ఒక్క నిమిషం కూడా మాట్లాడరు. మనకి మాత్రం ఇదే మొదటి పాయింట్. ఎన్‌డీ అంటే లెన్స్ వెనక ఉండే బూడిద రంగు గాజు. రంగు మార్చకుండా వెలుతురు తగ్గిస్తుంది, అంతే.

చిన్న లెక్క వేద్దాం. ఫొటోగ్రాఫర్ల పాత సూత్రం ఒకటుంది: మిట్టమధ్యాహ్నం ఎండలో ఎఫ్16 ఎపర్చర్ పెడితే, ఐఎస్ఓ ఎంతో షటర్ కూడా అంతే. ఐఎస్ఓ 400 అయితే షటర్ 1/400. కానీ మన టీవీ సెకనుకి 25 ఫ్రేములది, కదలిక సహజంగా ఉండాలంటే షటర్ 1/50 కావాలి. అంటే 8 రెట్లు ఎక్కువ వెలుతురు లోపలికి వస్తుంది. పైగా ఎఫ్16 దగ్గర ఈ చిన్న సెన్సార్లలో పిక్చర్ మెత్తబడుతుంది, ఎఫ్5.6కి రావాలి. అక్కడ ఇంకో 8 రెట్లు. మొత్తం 64 రెట్లు ఎక్కువ. ప్రొఫెషనల్ కెమెరాల మీద 1/4, 1/16, 1/64 అని ఎన్‌డీ స్విచ్ ఎందుకు ఉంటుందో ఇప్పుడు అర్థమైంది కదా? ఆ చివరిది మన ఎండ కోసమే అన్నట్టుంటుంది.

ఫోన్‌లో ఇది ఉండదు కాబట్టి అది షటర్‌ని వేలల్లోకి తీసుకెళ్లి సర్దుకుంటుంది. మనిషి చెయ్యి ఊపితే టకటకా ఎగిరినట్టు కనిపించేది అందుకే. 1/50 పెట్టుకుంటే ఇంకో లాభం కూడా ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్, ఆఫీసుల్లో ట్యూబ్‌లైట్ల కింద ఫ్లికర్ రాదు.

జూమ్ దగ్గర సెన్సార్ సైజు కాస్త వెనక్కి తగ్గాలి

2011 మార్చి 28న సత్యసాయి బాబాని పుట్టపర్తిలో ఆసుపత్రిలో చేర్చారు. ఏప్రిల్ 24న ఆయన కన్నుమూశారు, 27న అంత్యక్రియలు. పుట్టపర్తి అప్పుడు అనంతపురం జిల్లాలోనే ఉండేది (2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా). దాదాపు నెల రోజులు దేశంలోని ఛానళ్లన్నీ అక్కడే మకాం. ఇలాంటి చోట కెమెరామన్ ముందుకు జరగలేడు. ముందు జనం, మధ్యలో పోలీసులు, ఎక్కడో దూరంగా కారు దిగే మనిషి. అప్పుడు చేతిలో ఉండాల్సింది జూమ్.

ఇక్కడే కొత్తవాళ్లు పొరబడతారు. "ఫుల్ ఫ్రేమ్ సెన్సార్ అన్నిటికన్నా బెస్ట్ కదా" అని మిర్రర్‌లెస్ కొంటారు. సెన్సార్ పెద్దదయ్యేకొద్దీ అదే దూరాన్ని లాగడానికి లెన్స్ కూడా పెద్దదవుతుంది. సోనీ జెడ్190లో ఉన్నవి 1/3 అంగుళం చిప్పులు మూడు, కానీ 25 రెట్ల జూమ్. స్టిల్ కెమెరా భాషలో చెప్పాలంటే 28.8 నుంచి 720 ఎంఎం. ఒక్క చేత్తో పట్టుకోవచ్చు. ఫుల్ ఫ్రేమ్‌లో ఆ రేంజ్ కావాలంటే లెన్సుల బ్యాగ్ మోయడానికి ఇంకో మనిషి కావాలి. మధ్యలో లెన్స్ మార్చాల్సి వస్తే? బొమ్మనహాళ్, కణేకల్లు వైపు హగరి ఒడ్డున ఇసుక దిబ్బలు చూసినవాళ్లెవరూ అక్కడ లెన్స్ విప్పరు. పాత మిర్రర్‌లెస్ మోడళ్లలో చాలావాటికి 29 నిమిషాల 59 సెకన్లకి రికార్డింగ్ ఆగిపోయే లిమిట్ కూడా ఉంది. జెడ్పీ మీటింగ్‌లో గొడవ సరిగ్గా ముప్పయ్యో నిమిషంలో మొదలవుతుంది, రాసిపెట్టుకోండి.

గాలి తినేసిన మాట

ఇది నా సొంత అనుభవం. జూలై నెల, రామగిరి వైపు. ఆ కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. నైరుతి మేఘాలు వస్తాయి, గాలి వస్తుంది, వాన మాత్రం రాదు. ఎండిపోతున్న శనక్కాయ చేను గట్టు మీద ఒక పెద్దాయన నిలబడి, విత్తనానికి ఎంత పెట్టాడో, ఎవరి దగ్గర తెచ్చాడో, ఇప్పుడు ఏం చేయబోతున్నాడో చెప్పాడు. కెమెరా మీది మైక్‌తోనే రికార్డ్ చేశాను, హెడ్‌ఫోన్ పెట్టుకోలేదు. ఇంటికొచ్చి వింటే బుర్రుమనే గాలి తప్ప ఇంకేమీ లేదు. పిక్చర్ అద్భుతంగా ఉంది. కానీ ఆ మనిషి దగ్గరికి మళ్లీ వెళ్లి "ఇంకోసారి చెప్పు పెద్దాయనా" అని ఎలా అడుగుతాం? అడగలేదు. స్టోరీ వెళ్లలేదు.

అందుకే రెండు ఎక్స్‌ఎల్‌ఆర్ ఇన్‌పుట్లు లేని కెమెరాని నేను న్యూస్ కెమెరా అనను. ఒక ఛానల్‌లో మనిషి నోటి దగ్గర హ్యాండ్ మైక్, రెండో ఛానల్‌లో కెమెరా మీద గన్ మైక్. ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది. గన్ మైక్‌కి స్పాంజ్ ఒక్కటే చాలదు, పైన బొచ్చు కవర్ కూడా వేయాలి. మెనూలో లో-కట్ ఆన్ చేయాలి. హెడ్‌ఫోన్ చెవికి ఉండాల్సిందే. దీనికయ్యే ఖర్చు కెమెరా ధరలో చిన్న ముక్క.

4కే కన్నా అప్‌లోడ్ ముఖ్యం

ఫుల్ హెచ్‌డీలో మంచి న్యూస్ క్వాలిటీ అంటే 50 ఎంబీపీఎస్. అంటే నిమిషానికి సుమారు 375 ఎంబీ. రెండు నిమిషాల క్లిప్ 750 ఎంబీ. పల్లెలో మీ ఫోన్ హాట్‌స్పాట్ అప్‌లోడ్ 5 ఎంబీపీఎస్ ఇస్తే అది ఆఫీసుకి చేరడానికి 20 నిమిషాలు. అదే కెమెరా పక్కనే 3 ఎంబీపీఎస్ ప్రాక్సీ ఫైల్ కూడా రికార్డ్ చేస్తే, ఆ రెండు నిమిషాలు 45 ఎంబీయే. నిమిషం పైన కొన్ని సెకన్లలో వెళ్లిపోతుంది. బ్రేకింగ్ అయితే ముందు ప్రాక్సీ పంపండి, ఒరిజినల్ టౌన్‌కి వచ్చాక. 4కే మోడ్ రోజువారీ న్యూస్‌లో ఆన్ చేసేది తక్కువే, దాని కోసం ఎక్స్‌ట్రా డబ్బు పెట్టకండి. రెండు కార్డ్ స్లాట్లు మాత్రం ఉండాలి, రెండింటిలోనూ ఒకేసారి రికార్డ్ అయ్యేలా.

లైవ్ ఇవ్వాల్సి వస్తే ఎస్‌డీఐ అవుట్ ఉందో లేదో చూడండి. దాని కేబుల్ తిప్పి లాక్ చేస్తాం, తోపులాటలో ఊడిరాదు. హెచ్‌డీఎంఐ ఎవరి మోచెయ్యి తగిలినా ఊడుతుంది.

మరి ఏది కొనాలి?

ధరలు మారుతూ ఉంటాయి కాబట్టి రాయట్లేదు, డీలర్ దగ్గర ఆ రోజు రేటు అడగండి. నా ఓటు అనంతపురం లాంటి చోట జెడ్190కి. 25 రెట్ల జూమ్, ఫోకస్, జూమ్, ఐరిస్‌కి విడివిడిగా మూడు రింగులు, ఎండని బట్టి మెల్లగా మార్చుకునే ఎలక్ట్రానిక్ ఎన్‌డీ. రాత్రి పూట 1 అంగుళం సెన్సార్ ఉన్నవాటి ముందు కాస్త వెనకబడుతుంది, అది ఒప్పుకోవాలి. ఒంటరిగా బైక్ మీద తిరిగేవాళ్లకి జెడ్90 తేలిక. 1 అంగుళం సెన్సార్, ఆటో ఫోకస్ చాలా బాగుంటుంది, ఎస్‌డీఐ ఉంది. జూమ్ 12 రెట్లే, పైగా జూమ్‌కీ ఫోకస్‌కీ ఒకే రింగ్. రెండింటి మధ్యలో కావాలంటే పానాసోనిక్ సీఎక్స్350: 1 అంగుళం సెన్సార్, 20 రెట్ల జూమ్. బడ్జెట్ అస్సలు లేకపోతే సెకండ్ హ్యాండ్‌లో సోనీ ఎన్ఎక్స్100 చూడండి. 4కే లేదు, ఎస్‌డీఐ లేదు, కానీ ఎన్‌డీ, రెండు ఎక్స్‌ఎల్‌ఆర్‌లు, మూడు రింగులు ఉన్నాయి. పనికొచ్చే కెమెరా.

సెకండ్ హ్యాండ్ అయితే చాలామంది బెంగళూరు వెళ్తారు, మనకి 200 కిలోమీటర్ల పైచిలుకు, హైదరాబాద్ కన్నా దగ్గర. వెళ్లినప్పుడు మెనూలో అవర్స్ మీటర్ ఉంటే ఎన్ని గంటలు వాడారో చూడండి. జూమ్‌ని ఆ చివర నుంచి ఈ చివరకి పది సార్లు లాగండి, లోపల ఇసుక ఉంటే గరగరమంటుంది. రెండు ఎక్స్‌ఎల్‌ఆర్‌లలోనూ మైక్ పెట్టి వినండి. ఎన్‌డీ ప్రతి పొజిషన్‌లో తెల్ల గోడని షూట్ చేసి మచ్చలున్నాయేమో చూడండి. చివరగా షాపు బయట ఎండలో ట్రైపాడ్ మీద పెట్టి, 40 నిమిషాలు ఆపకుండా రికార్డింగ్ చేయమనండి. ఒప్పుకోకపోతే పక్క షాపుకి వెళ్లండి.