ఇంగ్లీషు మాటలు ఎలా పుట్టాయి?

బస్సు ఇంగ్లీషు మాట. అది ఎలా పుట్టింది?

1829లో లండన్ నగరంలో గుర్రాలు లాగే పెద్ద బండి తిరగసాగింది. డబ్బులిచ్చి ఎవరైనా ఎక్కవచ్చు. దాని పేరు ఆమ్నిబస్. లాటిన్ అనే పాత భాషలో ఆ మాటకు "అందరి కోసం" అని అర్థం. అంత పొడుగు మాట ఎందుకని జనం ముందు భాగం వదిలేశారు. బస్ మిగిలింది. మన నోట అది బస్సు అయింది.

రెండు మాటలు కలిసి ఒకటి కావచ్చు. స్మోక్ అంటే పొగ. ఫాగ్ అంటే మంచు. రెండూ కలిసి స్మాగ్ అయింది.

కొన్ని అరువు మాటలు. ఇంగ్లీషులో బాండికూట్ అనే మాట ఉంది. అది మన పందికొక్కే! ఇక్కడివాళ్ళ నోట విన్న పేరునే ఇంగ్లీషువాళ్ళు తీసుకున్నారు. మనం బస్సు తీసుకున్నాం. వాళ్ళు పందికొక్కు తీసుకున్నారు. ఈ అరువుకు వడ్డీ లేదు.

మాటలకు అర్థాలు చెప్పే పుస్తకం నిఘంటువు. మాట పుట్టగానే అందులోకి ఎక్కదు. చాలామంది చాలాకాలం వాడితే ఎక్కుతుంది. మనం రోజూ అనే "అయ్యో" కూడా 2016లో ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువులోకి ఎక్కింది.

మాటలు పుట్టించేది పండితులే కాదు. బండి ఎక్కేవాళ్ళు, పొలం పనికి పోయేవాళ్ళు కూడా పుట్టిస్తారు. కాబట్టి ఇంగ్లీషు మాట వింటే బెదరవద్దు. ఆస్పత్రిలోనైనా, బ్యాంకులోనైనా తెలియని మాటకు అర్థం అడగండి. తెలిశాకే సంతకం పెట్టండి.

ప్రశ్నలు:
1. ఆమ్నిబస్ అంటే అర్థం ఏమిటి?
2. మీ ఇంట్లో రోజూ వాడే ఇంగ్లీషు మాటలు ఐదు రాయండి.