కలబంద, కిత్తనారలకు కుళ్ళు తెగులు

గండికోటవద్ద పెన్నానది కోసివేసిన లోయ అంచున నిలిచి చూచినచో, ఎఱ్ఱని బండల సందులలో జెముడుజాతి మొక్కలు పచ్చగా నిలిచియుండుట కనబడును. పిడికెడు మట్టి లేనిచోట మండువేసవికి సైతము చావని ఈ జాతి మొక్కలే, పంచాయతీ కార్యాలయపు ముంగిట కుండీలలో దినదినము నీరు పోయగా కుళ్ళిపోవుచున్నవి. కారణము తెలిసినచో ఇందు వింత యేమియు లేదు.

కలబంద, కిత్తనార, బ్రహ్మజెముడు మొదలగునవి ఆకులయందో కాండమునందో నీటిని దాచుకొనును. పగలు ఆకురంధ్రములను మూసికొని రాత్రివేళ తెఱచును. అందుచే వీనినుండి ఆవిరియై పోవు నీరు మిక్కిలి స్వల్పము. త్రాగునది కొంచెమే గనుక మనము పోసిన నీరు మట్టిలోనే నిలుచును. అట్టి మట్టిలో వేళ్ళకు గాలి యాడదు. మెత్తబడిన వేళ్ళలోనికి శిలీంధ్రములును, సూక్ష్మక్రిములును ప్రవేశించి కుళ్ళును పైకి ప్రాకించును.

జమ్మలమడుగు ప్రాంతపు నల్లరేగడి నీటిని పట్టినచో త్వరగా వదలదు. కరవుసీమ యన్న పేరు నమ్మి ఏమరియుండుటయు తగదు. 2021 నవంబరులో కడప జిల్లాలో కురిసిన కుంభవృష్టికి చెయ్యేటిపై అన్నమయ్య జలాశయపు కట్టయే తెగిపోయినది. కనుక రేగడిలో కలబంద వేయువారు బోదెలు ఎత్తుగా చేసి, వానినీరు పోవుటకు కాలువ తీయవలెను. చేనిగట్టున కంచెగా పెంచు కిత్తనార మొదట మురుగు నిలిచినచో కంచెకు గండి పడును; ఆ గండిలో మేకలు దూరిన పిమ్మట తగవు పంచాయతీకే వచ్చును.

వాడిన మొక్కను చూడగానే నీరు పోయుట మనవారి అలవాటు. ఇదియే పెద్ద పొరపాటు. ముందుగా మట్టిని వ్రేలితో తాకి చూడవలెను. మట్టి పొడిగా నుండి ఆకు ముడుతలు పడినచో అది దాహము. మట్టి తడిగా నుండియు ఆకు పసుపువన్నె తిరిగి, నొక్కినచో మెత్తగా నీరుకారి, దుర్వాసన వేసినచో అది కుళ్ళు. దానికి నీరు పోసినచో మొక్కను మనమే చంపినవారమగుదుము.

కుళ్ళు కనబడిన మొక్కను పెరికి మట్టి దులిపి, నల్లబడిన వేళ్ళను, మెత్తబడిన భాగమును శుభ్రమైన కత్తితో కోసివేయవలెను. కోతలో గోధుమరంగు చార లేశమైనను కనబడనంతవరకు కోయవలసినదే. జెముళ్ళను కోయునపుడు వాని పాలు కంటబడకుండ జాగ్రత్త వహింపవలెను. మిగిలిన ముక్కను నీడలో నాలుగైదు దినములు ఆరబెట్టి, కోత పక్కుకట్టిన తరువాత ఇసుక కలిపిన మట్టిలో నాటి, వారము వరకు నీరు పోయకుండుట మేలు. పట్టణములనుండి కుండీలలో తెచ్చుచున్న జేడ్ మొక్కకును ఇదే చికిత్స. అది దక్షిణాఫ్రికా దేశపుది. ఒక్క కొమ్మ మిగిలినను తిరిగి చిగుర్చును. మొదలంతయు కుళ్ళిన కలబందను మాత్రము కాపాడ జూచుట వృథాశ్రమ. ప్రక్కనున్న ఆరోగ్యమైన పిలకలను వేరుచేయుట మంచిది.

తోటలో తెగులు వ్యాపించినచో లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడు కలిపి మొదళ్ళు తడుపవచ్చును. కోతకు సిద్ధమైన ఆకులపై మందు పడరాదు. కలబంద గుజ్జును తినువారు కలరు. ట్రైకోడెర్మా వాడదలచినవారు 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో 2 కిలోలు కలిపి వారముపాటు నీడలో మాగనిచ్చి వేయవలెను. రాగి మందు ఈ మేలుచేయు శిలీంధ్రమును సైతము చంపును గనుక రెండింటి నడుమ రెండు వారములైన ఎడముండవలెను.

జెముడు క్షీణించినదెల్ల కుళ్ళు కాదు. మట్టలపై తెల్లని దూదివంటిది కనబడి, నలిపినచో ఎఱ్ఱని రంగు అంటినచో అది కొచినీలు పురుగు. పొలములను ఆక్రమించిన నాగజెముడును అణచుటకు 1926లో సింహళమునుండి దక్షిణ భారతమునకు దీనిని తెప్పించి వదలిరి. దీనికి కుళ్ళు మందు పనిచేయదు.

కోసిన కుళ్ళు ముక్కలను చెరువుగట్టునగాని ఎరువుదిబ్బపైగాని పారవేయక, దూరముగా ఎండబెట్టి కాల్చవలెను. కంచెలో ఖాళీపడినచోట మట్టిని త్రవ్వి ఎండనిచ్చి, వానలు వెనుకబట్టిన పిమ్మటనే క్రొత్త పిలకను నాటవలెను.