జడ అల్లిన స్పీకరు వైరు



ఆగస్టు 15 నాడు ఐదో తరగతి పిల్లలు పాడుతుంటే మన స్పీకరు గురగురమని ఆగిపోయింది గదా. వైరు లోపల తెగింది. కొత్తదానికి అందరం తలా పది రూపాయలు వేసుకున్నాం. హిందూపురంలో అంగడాయన జడలాగా అల్లిన వైరు చూపించి, "దీంట్లో పాట బాగా వస్తుందప్పా" అన్నాడు. మనకు ఇరవై మీటర్లు కావాలి. మన డబ్బుకు అది నాలుగు మీటర్లే వస్తుంది. ఒట్టి చేతులతో తిరిగొచ్చి సైన్సు సారును అడిగినాను.

స్పీకరుకు ఒక తీగలో కరెంటు పోతే, ఇంకో తీగలో తిరిగొస్తుంది. కరెంటు పారే తీగ చుట్టూ అయస్కాంత బలం పుడుతుంది. బ్యాటరీకి, బల్బుకు కలిపిన తీగను దిక్సూచి పైన పెట్టి చూశాం. ముల్లు పక్కకు జరిగింది. పోయే తీగను, వచ్చే తీగను దగ్గరగా చేర్చి పెడితే ముల్లు దాదాపు కదల్లేదు. ఒకదాని బలాన్ని రెండోది కొట్టేసింది!

ఈ బలం కరెంటులో వచ్చే మార్పును అడ్డుకుంటుంది. దాన్నే ప్రేరకత్వం అంటారు. ఈల, తాళాల మోత వంటి సన్నటి ధ్వనులకు కరెంటు సెకనుకు వేలసార్లు దిశ మారుతుంది, కాబట్టి దెబ్బ వాటికే ఎక్కువ. అందుకే పోయేవి నాలుగు, వచ్చేవి నాలుగు, వేటికవి ప్లాస్టిక్ తొడుగున్న తీగలు తీసుకొని అల్లుతారు. బయటి నుంచి వచ్చే గుయ్‌మనే శబ్దం కూడా తగ్గుతుంది. అంగడాయన అబద్ధం చెప్పలేదు.

కానీ ఎంత తేడా? లెక్క వేసినాం. పోనూ రానూ 40 మీటర్లు. ఒక చదరపు మిల్లీమీటరు మందమున్న రాగి వైరుకు నిరోధం సుమారు 0.7 ఓములు. రెండున్నర మందానికి 0.28 మాత్రమే. మన స్పీకరు 8 ఓములది. మన హాలులో పాటకు అల్లిక కన్నా మందమే ముఖ్యమని తేలింది. రెండున్నర మందం మామూలు వైరే కొన్నాం. దాంట్లోనూ సన్నటి పోగులు చాలా ఉంటాయి. మా తాత పేనే కిత్తనార తాడు మాదిరి వంగుతుంది, ఒకే లావు తీగలా విరగదు.

పాత వైరు తెగింది ప్లగ్గు దగ్గర. స్పీకరు జరిపేటప్పుడు వైరు పట్టుకొని లాగిందెవరో పేర్లు రాయను, నేనూ ఒకడినే. ఇప్పుడు ప్లగ్గుకు మూరెడు ఇవతల వైరును బల్లకాలికి కట్టినాం. లాగితే బల్ల వస్తుంది.