కోలుకొను రోగికి కళ తోడు

జబ్బు నయమైన వెంటనే మనిషి మునుపటి మనిషి కాడు. శరీరమునకు కావలసిన పథ్యపానములు మనము శ్రద్ధతో చూతుము. కాని నెలల తరబడి మంచము పట్టి లేచినవాని మనస్సును పట్టించుకొనము. “ఇక నా వల్ల ఏమగును?” అను దిగులు వానిని లోలోపల క్రుంగదీయుచుండును. ఈ దిగులును తొలగించుటలో కళ మనకెట్లు తోడ్పడునో తెలిసికొందము.

1938లో ఇంగ్లండునందు ఏడ్రియన్ హిల్ అను చిత్రకారుడు క్షయరోగముతో శానిటోరియములో చేరెను. క్షయను నయము చేయు మందులు అప్పటికి లేవు; విశ్రాంతియే ముఖ్య చికిత్స. ఆయన మంచము మీదనుండియే తన చుట్టునున్న వస్తువుల బొమ్మలు గీయసాగెను. దానివలన తన మనస్సు తేలికపడుట గమనించి తోటి రోగులకును నేర్పెను. 1942లో ఈ పద్ధతికి “కళాచికిత్స” అను అర్థము గల పేరు పెట్టెను.

ఫ్రాన్సు దేశపు చిత్రకారుడు హెన్రీ మతీస్‌కు 1941లో, 71 ఏండ్ల వయస్సున, క్యాన్సరు వలన పెద్ద శస్త్రచికిత్స జరిగెను. తరువాత నిలుచుండి చిత్రించుట ఆయనకు కష్టమయ్యెను. అప్పుడు కుర్చీలోను, పడకమీదను ఉండియే, రంగు పూసిన కాగితములను కత్తెరతో కత్తిరించి చిత్రములు కూర్చెను. చేయలేని పనికి వగవక, చేయగల పనిని వెదకుకొనెను.

కళల వలన ఆరోగ్యమునకు మేలు కలుగుచున్నదని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన సమీక్షయు తెలుపుచున్నది. అయితే కళ మందునకు బదులు కాదు. క్షయరోగి వైద్యుడు చెప్పినన్ని నెలలు మందు మానక మ్రింగవలసినదే.

మన యింట ఏమి చేయవచ్చును? పలకపై బొమ్మ, తడిపిండి ముగ్గు, బంకమట్టి బొమ్మ, పూలదండ, తెలిసిన పాట — ఏదైనను చాలును. మొదట పావుగంటకు మించనీయరాదు. అలసట తోచినచో ఆపవలెను. ఊపిరితిత్తుల జబ్బు గలవారికి పొడిముగ్గు దుమ్ము, ఘాటైన రంగుల వాసన తగవు. బొమ్మ వంకరగా నున్నదని నవ్వరాదు. ప్రక్కన కూర్చుండి మాటలాడవలెను. ఎన్ని వారములైనను దిగులు తగ్గనిచో వైద్యునికి చెప్పవలెను.

వంకరగీత యైనను, అది రోగి తన చేతితో తాను గీసినది. “నా వల్ల అగును” అను ధైర్యమునకు అదియే తొలిమెట్టు. ఆ మెట్టు ఎక్కుటకు చేయూత నిచ్చుట ఇంటివారమైన మన వంతు.