పది సెకన్ల సినిమాకు పిడికెడు చోళ్ళు

 

మేము నలుగురం తీస్తున్న 'చోడి గింజ' అనే చిన్న సినిమా గురించి చాలామంది అడుగుతున్నారు. ఎలా తీశామో, ఎక్కడ తప్పు చేశామో దాచకుండా రాస్తున్నాను.

హైస్కూలు పిల్లలు సినిమా తీయడమేమిటని కొందరు నవ్వినారు. అమెరికాలో స్పీల్‌బర్గ్ హైస్కూలులో చదువుతూ, 17 ఏళ్ళ వయసులో 'ఫైర్‌లైట్' అనే సినిమా తీశాడు. సుమారు 500 డాలర్లు ఖర్చయింది. 1964లో ఫీనిక్స్ అనే తమ ఊరిలోనే దానిని ఆడించారు. కాబట్టి వయసు అడ్డు కాదు.

మాకు దారి చూపింది మాత్రం దాదాసాహెబ్ ఫాల్కే. 1913లో 'రాజా హరిశ్చంద్ర' తీయడానికి ముందు ఆయన దగ్గర డబ్బు లేదు. 1912లో కుండీలో బఠానీ గింజ నాటి, అది మొలకెత్తి పెరగడాన్ని కొంచెం కొంచెంగా ఫిల్ము మీదకు ఎక్కించాడు. ఆ చిన్న సినిమా చూపించి పెట్టుబడి సంపాదించాడు.

ఇందులో కిటుకు ఏమనగా, సినిమాలో బొమ్మ కదలదు. సెకనుకు 24 బొమ్మలు వరసగా వస్తే మన కంటికి కదిలినట్లు కనబడును. మొక్క పెరగడం పది సెకన్లు చూపాలంటే 24 × 10 = 240 బొమ్మలు కావాలి. 30 రోజుల్లో తీయాలంటే రోజుకు 8 బొమ్మలు. ఫోను ప్రతిసారి ఒకే చోట, ఒకే ఎత్తులో ఉండాలి. లేకపోతే మొక్క గంతులు వేసినట్లుంటుంది. అందుకే వెదురుతో స్టాండు కట్టి, దాని కాళ్ళ దగ్గర సున్నంతో గుర్తు పెట్టాము. సైన్సు మాస్టారు తన పాత ఫోను ఇచ్చారు. వార్డెను గారు దానిని ఆఫీసు రూములో ఉంచి, వేళకు ఇచ్చేవారు.

గింజలు మా మామ్మ ఇచ్చింది. ఆమె పాత రకం చోళ్ళను సొరకాయ బుర్రలో దాచుకుంటుంది. మా ఊళ్ళో ఆ రకం ఇంకెవరి దగ్గరా లేదు. అడగ్గా అడగ్గా పిడికెడు పెట్టింది.

పగిలిన బకెట్టులో మట్టి పోసి చల్లాము. అయిదో రోజుకు మొలకలు వచ్చాయి. అందరం సంబరపడ్డాం. తరువాత పండుగ సెలవులకు నాలుగు రోజులు ఊరికి పోయాం. ఫోను ఎవరు దాచాలో మాట్లాడుకున్నాం గానీ, నీళ్ళు ఎవరు పోయాలో అనుకోలేదు. వచ్చి చూస్తే మొక్కలన్నీ ఎండిపోయాయి!

మామ్మకు ఫోనులో బొమ్మలు చూపించాను. చాలాసేపు చూసింది. "బొమ్మలో ఇత్తనం బాగుంది గానీ, నా ఇత్తనం ఏదిరా?" అంది. నాకు నోట మాట రాలేదు. జరిగింది చెప్పేశాను. తిట్టలేదు. బుర్ర వంచి మరో పిడికెడు తీసి, "ఈసారి తవ్వెడు తేవాలి" అని చేతిలో పోసింది. బుర్ర అడుగు కనబడుతోంది.

రెండవసారి పద్ధతి మార్చాము:

1. ఇద్దరు ఫోనుకు, ఇద్దరు నీళ్ళకు. పేర్లు గోడ మీద రాశాము.
2. సెలవుల్లో నీళ్ళు పోయమని వంట మామ్మకు ముందే చెప్పాము.
3. ముందు మొక్క, తరువాతే బొమ్మ.

ముప్పై రోజులు పూర్తయ్యాయి. 240 బొమ్మలు వచ్చాయి. నారును వంటశాల వెనుక మడిలో నాటాము.

మనం ఎవరి గురించి సినిమా తీస్తామో, వారి దగ్గర ఏదో ఒకటి తీసుకుంటాం. అది తిరిగి ఇవ్వకపోతే సినిమా ఎంత బాగున్నా అప్పు మిగిలినట్లే. అందుకే మా సినిమాలో ఆఖరి షాటు ఇంకా తీయలేదు. మామ్మ బుర్రలో తవ్వెడు చోళ్ళు పోస్తున్నప్పుడు తీస్తాము.

కోతకు ఇంకా మూడు నెలలు పడుతుంది. అంతవరకు దయచేసి ఆ మడి వైపు బంతి ఆడకండి.

ఇట్లు,
మీ తోటి విద్యార్థి,
పదవ తరగతి