తొట్టిలో చేప రంగు మారితే

కలిదిండి చుట్టుపక్కల పిల్లలకు చేపల గురించి కొత్తగా చెప్పవలసింది తక్కువ. బడికి వెళ్లే దారికి రెండు పక్కలా చెరువులే కదా! అయినా ఒక ప్రశ్న అడుగుతాను. ఏలూరులో రంగుచేపల దుకాణానికి వెళ్లి, వెండిలాంటి ఒంటిమీద నల్లచారలున్న ఒక చిన్న చేపను కొనుక్కున్నారనుకోండి. చిన్న సొరచేపలా ఉందని ముచ్చటపడ్డారు. కొన్నాళ్లకు చారలు మాసిపోయి, ఒళ్లంతా బూడిదరంగుకు తిరిగింది. దానికి జబ్బు చేసిందా? లేక అంగడివాడు రంగు పూసి అమ్మాడా?

రెండూ కాదు. అది మీ ఊరి చెరువుల్లో పెంచే పంగాసియస్ పిల్ల! (మనవాళ్ల నోట అది 'ఫంగస్' అయింది గాని, బూజుకూ దీనికీ ఏ చుట్టరికమూ లేదు.) దీని పుట్టిల్లు ఆగ్నేయాసియాలోని మెకాంగ్, చావోఫ్రాయా నదులు. 1990ల్లో బంగ్లాదేశ్ మీదుగా మన దేశానికి వచ్చింది. పిల్లగా ఉన్నప్పుడు చారలుంటాయి, పెరిగేకొద్దీ పోతాయి. బాగా ఎదిగితే మీటరు పొడవు దాటుతుంది. అంత చేపకు గాజుతొట్టి ఏం సరిపోతుంది?

కనుక మీసాల చేపను రంగునుబట్టి గుర్తుపట్టాలని చూడకండి. వీటికి పొలుసులు ఉండవు. మీసాలు లెక్కపెట్టండి, తరువాత వాజాలు చూడండి. వీపు మీది వాజం తల వెనుక మొదలై తోక దాకా సాగితే అది మార్పు. వీపు వాజం బాగా చిన్నదై, పొట్ట కింది వాజం మాత్రం తోక దాకా పొడవుగా ఉంటే రెండింటిలో ఒకటి: నాలుగు జతల మీసాలుంటే ఇంగిలాయి, రెండే జతలుండి నోరు పెద్దదైతే వాలుగ. వీపు వాజానికి వెనుక, ముళ్లు లేని మెత్తని వాజం ఇంకొకటి కనిపిస్తే? దానిని కొవ్వువాజం అంటారు. అది ఉండి నాలుగు జతల మీసాలుంటే జెల్ల, రెండు జతలుంటే పంగాసియస్. ఇదంతా గాజులోంచి చూసే చేయాలి సుమా! ఇంగిలాయి రొమ్ము వాజాల ముళ్లలో విషం ఉంటుంది. ఆ బాధ ఎలాంటిదో మీ ఊరి జాలరులను అడగండి.

చిక్కంతా మార్పు దగ్గరే వస్తుంది. ఆఫ్రికా నుంచి వచ్చిన పెద్ద మార్పు కూడా పైకి ఇలాగే ఉంటుంది. అది ఇతర చేపలను తినేస్తుంది కనుక దాని పెంపకాన్ని కేంద్ర ప్రభుత్వం 2000లో నిషేధించింది. ఒంటిమీద మచ్చలు చూసి అది ఆఫ్రికాదేనని తేల్చడం పొరపాటు. మొప్ప వంపు మీద దువ్వెన పళ్లలాంటి నిర్మాణాలుంటాయి. మన మార్పుకు అవి తక్కువ, ఎదిగిన ఆఫ్రికా చేపకు చాలా ఎక్కువ. అసలు శాస్త్రజ్ఞులే మన మార్పును చాలాకాలం జావా ద్వీపపు చేపతో కలిపి ఒకే జాతిగా లెక్కగట్టారు. 2008 తరువాతే దానిని 'క్లారియస్ మాగుర్' అని విడిగా పిలుస్తున్నారు.

మరి రంగు ఎందుకు మారుతుంది? చేప చర్మంలో నక్షత్రాల్లా కొమ్మలు చాచిన కణాలుంటాయి. వాటిలో మెలనిన్ అనే నల్లని రేణువులు ఉంటాయి. రేణువులు కొమ్మలన్నిటా పరుచుకుంటే చేప నల్లబడుతుంది. కణం నడుమకు చేరి ముద్దకడితే వెలిసిపోతుంది. నాడులు, పీయూష గ్రంథి నుంచి వచ్చే హార్మోన్లు ఈ రేణువులను నడిపిస్తాయి. ఈ మార్పుకు కొద్ది నిమిషాలో గంటలో చాలు. చేప చాలా రోజులు ఒకే రంగు పరిసరాల్లో ఉంటే వర్ణకణాల సంఖ్యే మారిపోతుంది.

మీరే చూడవచ్చు. రెండు మార్పు పిల్లలను ఒకటి తెల్లబేసిన్‌లో, ఒకటి నల్లబేసిన్‌లో వదలి, పైన వల కప్పండి. లేకపోతే దూకి పోతాయి. నీరు ఒకటే, వెలుతురు ఒకటే. కొన్ని గంటల తరువాత పోల్చి చూడండి. తెల్లదానిలోది సాధారణంగా పాలిపోయి ఉంటుంది. చేతితో పట్టకుండా, చిన్న వలతో బేసిన్లు మార్చి మళ్లీ చూడండి.

అయితే అన్ని పాలిపోవడాలూ ఒకటి కావు. కొత్త తొట్టిలో వేసిన రోజు చేప బెదిరి తెల్లబోవచ్చు. మరునాటికి తేరుకుంటుంది. నీటిలో అమ్మోనియా పెరిగినా వెలిసిపోతుంది, మేత ముట్టదు. అప్పుడు ఆలస్యం చేస్తే చేప దక్కదు. నీటిలో కొంత భాగం తీసి, నిలవబెట్టిన మంచినీరు పోయాలి. జెల్ల పదేపదే పైకి వచ్చి నోరు తెరుస్తుంటే ప్రమాదమన్నమాటే. అదే పని మార్పు, ఇంగిలాయి చేస్తే కంగారు పడకండి. గాలి పీల్చడం వాటికి మామూలే. ఒంటిమీద ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు కనిపిస్తే అది రంగు కాదు, పరాన్నజీవి.

పుట్టుకతోనే మెలనిన్ లేని తెల్లని చేపలూ ఉన్నాయి. వీటి కథ అమెరికాలోని ఫ్లోరిడాలో జరిగింది. మన మార్పుకు దగ్గర చుట్టమైన థాయిలాండ్ చేపలను 1960ల్లో అక్వేరియంల కోసం అక్కడికి తెచ్చారు. వాటిలో చాలా తెల్లనివి. అవి తప్పించుకుని కాలువల్లో పడ్డాయి. కొంతకాలానికి తెల్లవి అరుదైపోయి, నల్లవి పెరిగాయి. మురికి నీటిలో తెల్లచేప దూరం నుంచే కొంగ కంటపడుతుంది కనుక ఇలా జరిగిందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం.