బానెట్ ఎత్తు, చెల్లీ!

చెల్లీ,

దసరా దగ్గర పడింది. బూజులు దులపడం, గడపలకి పసుపు రాయడం నీకు నేను చెప్పక్కర్లేదు. ఈసారి బండి బానెట్ ఎత్తి ఆ లోపలంతా శుభ్రం చేసుకోవడం గురించి మాట్లాడుకుందాం. ఇంటి దగ్గరే మన చేత్తో చేసుకోగలిగే పని అది. మగవాళ్ళ పనిలే అని పక్కకి తప్పుకోకు.

మన గుమ్మలక్ష్మీపురం వైపు బండి విలువేమిటో నీకు తెలుసు. జీపో, బొలెరోనో, ఆటోనో కదిల్తేనే కొండమీద చింతపండు, జీడిపిక్కలు, కొండచీపుళ్ళు సంతకి దిగుతాయి. నెలలు నిండిన పిల్ల ఆసుపత్రికి చేరుతుంది. అలాంటి బండికి ఏడాదికోసారి ఆయుధపూజనాడు దండ వేసి, బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, నలుగురి ముందూ నిలబెడతాం. మన కార్ల షో అదే. పెద్ద షోలూ ఉన్నాయి. 2017 ఫిబ్రవరిలో హైదరాబాదు ఫలక్‌నుమా ప్యాలెస్‌లో పాతకాలపు కార్ల పోటీ పెట్టారు. అమెరికాలో పెబుల్ బీచ్‌లో 1950లో మొదలైన పోటీ ఇప్పటికీ నడుస్తోంది. అలాంటి చోట్ల బానెట్ ఎత్తి ఇంజను చూడందే మార్కులు వెయ్యరు. మనవాళ్ళు బయట తళతళలాడించి లోపల వదిలేస్తారు. కొందరైతే అంతకన్నా ప్రమాదమైన పని చేస్తారు.

పూజకి ముందురోజు కిరసనాయిల్లోనో డీజిల్లోనో గుడ్డ ముంచి ఇంజనంతా తుడిచేస్తారు. కాసేపు నల్లగా నిగనిగలాడుతుంది, నిజమే. కానీ రెండ్రోజులకి ఆ జిడ్డుకి ఎర్రమట్టి ధూళి పట్టుకుని మొదటికన్నా అన్యాయంగా తయారవుతుంది. రబ్బరు గొట్టాలూ బెల్టులూ ఆ నూనెకి ఉబ్బి మెత్తబడతాయి. బెల్టు జారితే డైనమో సరిగ్గా తిరగదు, బ్యాటరీకి చార్జి ఎక్కదు. ఇదంతా ఒక ఎత్తు. మర్నాడు పొద్దున్నే, కిరసనాయిలు వాసన ఇంకా పోకుండానే, అదే బానెట్ దగ్గర కర్పూర హారతి తిప్పుతారు చూడు, అది తలుచుకుంటేనే నాకు గుండె ఝల్లుమంటుంది. పెట్రోలుతో తుడిచేవాళ్ళూ ఉన్నారు. దాని ఆవిరికి చిన్న నిప్పురవ్వ చాలు. వద్దమ్మా, ఎవరు చెప్పినా వద్దు.

సర్వీసింగ్ షెడ్డులో ప్రెషర్ గన్‌తో కొట్టించడమూ నాకు నచ్చదు. చక్రాలకి పట్టిన బురదకి అది మంచిదే. ఇప్పటి బళ్ళలో మాత్రం ఇంజను చుట్టూ సెన్సార్లు, వైర్ల ప్లగ్గులు, ఫ్యూజు బాక్సు ఉంటాయి. ఆ జోరుకి నీళ్ళు సీళ్ళు దాటి ప్లగ్గుల్లోకి దూరితే, ఆ రోజు బండి బాగానే నడుస్తుంది. తర్వాత లోపల చిలుము పట్టి, ఏ ఘాటు మలుపులోనో మొరాయిస్తుంది. రేడియేటరు రేకులు మరీ పల్చన, దగ్గరగా గన్ పెడితే వంగిపోతాయి. గాలి ఆడక ఎక్కుడులో ఇంజను వేడెక్కిపోతుంది.

మరి ఎలాగంటావా? పూజకి ముందురోజు పొద్దున్నే, బండి ఇంకా కదలకముందు మొదలుపెట్టు. ఇంజను చల్లగా ఉండాలి. వేడి ఇంజను మీద చన్నీళ్ళు పడితే లోహం పగుళ్ళు ఇవ్వొచ్చు. ముందు గాజులూ ఉంగరాలూ తీసి లోపల పెట్టెయ్. కొంగు దోపుకో, జడ ముడి వేసుకో. గాజుల సంగతి చాదస్తంగా చెప్పడం లేదు. బ్యాటరీ ప్లస్ టెర్మినల్‌కీ బండి ఇనుముకీ మధ్య బంగారు గాజు తగిలిందంటే కరెంటంతా దాంట్లోంచే పోతుంది. క్షణంలో ఎర్రగా కాలి చేతికి అతుక్కుంటుంది. అందుకే స్పానర్ తీసుకుని ముందుగా మైనస్ వైరు విప్పు. మళ్ళీ బిగించేటప్పుడు అదే ఆఖరు.

బ్యాటరీ దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చో. టెర్మినల్ చుట్టూ తెల్లగా, నీలంగా పువ్వులా పూసిన పొడి కనిపిస్తుంది. యాసిడ్ ఆవిరి లోహాన్ని తినేయడం వల్ల పట్టేది అది. చేత్తో గోకకు. గోరువెచ్చటి నీళ్ళలో చెంచాడు వంటసోడా కలిపి, పాత టూత్‌బ్రష్‌తో అద్దు. బుసబుసా నురగ వస్తుంది. భయపడకు, సోడా ఆ యాసిడ్‌ని విరిచేస్తోందన్నమాట. నురగ ఆగేదాకా అద్ది, తడిగుడ్డతో తుడిచి, ఆరాక వైరు బిగించి పైన సన్నగా వాజలిన్ రాయి. బ్యాటరీ మూతలు గట్టిగా ఉండాలి సుమా, సోడా నీళ్ళు లోపలికి పోకూడదు. పొద్దున్నే సెల్ఫ్ అందుకోవడం లేదని మెకానిక్ దగ్గరికి పరుగెత్తే బళ్ళలో కొన్నిటికి ఈ పది నిమిషాల పనే మందు.

తర్వాత పొడిగా దులుపు. పెయింటు బ్రష్షు ఒకటి, పాత బనీను గుడ్డలు చాలు. ముందు అద్దం కింద జాలీలో ఎండుటాకులు ఇరుక్కుని ఉంటాయి, అన్నీ ఏరెయ్. అవి కుళ్ళి నీళ్ళు పోయే కన్నాలు పూడిస్తే వాన నీళ్ళు బండి లోపలికే దిగుతాయి. మూలమూలకీ టార్చి వేసి చూడు. ఒక వానాకాలం మా బొలెరోలో ఎయిర్ ఫిల్టర్ డబ్బా వెనక గుప్పెడు వరిగడ్డి, జీడిపిక్క తొక్కలు, మధ్యలో పైతొడుగు కొరికేసి రాగి తీగలు బయటపడ్డ వైరు కనిపించాయి. చలీ వానా మొదలైతే ఎలకలకి మన ఇంజనే వెచ్చటి ఇల్లు. మీ బావగారు ఆ వైరుకి అప్పటికప్పుడే టేపు చుట్టి మెకానిక్‌కి చూపించారు.

జిడ్డు పట్టిన చోట్లకే డీగ్రీజర్, అంటే జిడ్డు వదిలించే మందు, వాడు. అంతకుముందే డైనమోకీ, ఫ్యూజు బాక్సుకీ, గాలి పీల్చే గొట్టం మూతికీ ప్లాస్టిక్ కవర్లు కట్టు. డీగ్రీజర్ కొట్టి, ఆరిపోకముందే బ్రష్షుతో రుద్ది, తడిగుడ్డతో తీసెయ్. నీళ్ళు తప్పనిసరైతే చెంబుతో సన్నగా పొయ్యి. పైన ప్లాస్టిక్ మూతల దుమ్ముకి మందు కూడా అక్కర్లేదు, కుంకుడు రసం చాలు. మన కొండల్లో కాసేదే కదా. కవర్లన్నీ విప్పాకే బండి స్టార్ట్ చెయ్యి. గాలి గొట్టానికి కవరు ఉండిపోతే ఇంజను దాన్ని లోపలికి లాగేస్తుంది. బానెట్ ఎత్తే ఉంచి కాసేపు ఆడించు, ఆ వేడికే తడి ఆరుతుంది. ఫ్యాను దగ్గర చెయ్యి పెట్టకు.

నిగనిగలాడే స్ప్రేలు అమ్ముతారు. ప్లాస్టిక్ మూతల మీద కొట్టుకుంటే కొట్టుకో, బెల్టుల మీద మాత్రం చుక్క పడకూడదు. నన్నడిగితే మెరుపే అక్కర్లేదు. శుభ్రమైన ఇంజనుతో అసలు లాభం తర్వాత తెలుస్తుంది. తుడిచిన వారానికి ఎక్కడ కొత్తగా నూనె చెమర్చినా, గొట్టం మొదట్లో కూలెంటు మరక కనపడినా ఇట్టే పట్టేస్తావు. మురికిలో ఆ లీకు నెలల తరబడి దాక్కుంటుంది. ఘాటు ఎక్కే బండికి ఆయిలు తక్కువైతే ఏమవుతుందో మనవాళ్ళకి ఒకరు చెప్పాలా?

ఇంకొక్క మాట. జిడ్డు నీళ్ళు గెడ్డలోకి పోనివ్వకు. మన గెడ్డలో కింద ఊరి పిల్లలు స్నానాలు చేస్తారు, పశువులు తాగుతాయి. బండిని గెడ్డ ఒడ్డుకి తోలి కడిగే అలవాటు మీ ఊళ్ళో ఉంటే, ఈ దసరాకి మాన్పించే పూచీ నీది. మరిదిగారికి కూడా చెప్పు: కిరసనాయిలు గుడ్డ, హారతి పళ్ళెం ఒకే రోజు ఒకే బండి దగ్గరికి రాకూడదు.